గుండెల్లో అంటే గుండె కాదు

విజయవాడ,
మంగళవారం.

అమ్మకు దీవెన నమస్కారాలు. యేసయ్య దయవల్ల నేను కులాసా. ఎండలు తప్ప వేరే బాధలేమీ లేవు. పామర్రులో నువ్వూ నాన్నా క్షేమమని తలుస్తాను.

వేళ్ళు తిమ్మిరెక్కుతున్నా వంకర అక్షరాలతో రెండు పేజీలు రాశావు. "నా జబ్బుకి అసలు పేరేంటే?" అని అడిగావు. జబ్బంతా పెక్టొరాలిస్ మైనర్ అనే కండ దగ్గరుంది. ఛాతీ మీది పెద్ద కండ కింద దాక్కున్న చిన్న కండ అది. మూడు పక్కటెముకల మీద మొదలై, భుజం ముందున్న కొక్కెంలాంటి ఎముకను పట్టుకుంటుంది. చేతికి వెళ్ళే నరాలూ రక్తనాళాలూ దాని కిందుగానే పోవాలి. ముప్పై ఏళ్ళు వంగి నాట్లు వేస్తే భుజాలు ముందుకు పడి, అది బిగుసుకుని వాటిని నొక్కేస్తుంది. గోడ మూల నిలబడి చేతులు చాపే ఎక్సర్‌సైజు మాత్రం మానకు.

ఇక రామకోటేశ్వరరావు డాక్టరు మీద కోపం పోయిందా అని అడిగావు. పోలేదు. "గుండెల్లో పట్టేసిందండి, రెక్కంతా తిమ్మిరండి" అన్నావు నువ్వు. గుండెలంటే ఛాతీ అంతా అని మన ఊళ్ళో చిన్నపిల్లకైనా తెలుసు. ఆయన గుండెకాయ అనుకుని ఈసీజీ తీసి, "బానే ఉంది. పని ఎగ్గొట్టడానికి నాటకాలు" అన్నాడు, అదీ నాట్ల మేస్త్రి ముందే. ఆ మేస్త్రి మూడు సీజన్లు నిన్ను పనికి పిలవలేదు. నేను మర్చిపోను.

నిన్న మా కాలేజీలో అనాటమీ వైవా, అంటే నోటి పరీక్ష. పరీక్ష చేసేవాళ్ళ వైపు నేను కూర్చోవడం ఇదే మొదలు. ఆ డాక్టరు కొడుకు హర్షవర్ధన్ నా బల్ల ముందుకొచ్చాడు. పేరూ ఊరూ చూసి పోల్చుకుని, కావాలనే నీ కేసు అడిగాను.

"గుండెల్లో నొప్పి, రెక్క తిమ్మిరి, ఈసీజీ బాగుంది. ఏమిటి?"

తడబడతాడనుకున్నాను.

"గుండెల్లో అంటే ఛాతీ అంతానా మేడమ్? ఆవిడ ఏం పని చేస్తారండి?" అన్నాడు.

నాట్లు అన్నాను. కండ పేరు, నరాలు, ఎముక, అన్నీ సరిగ్గా చెప్పాడు. లేచి వెళ్తూ, "ఆవిడకి తగ్గిందా అండి?" అని అడిగాడు. వాళ్ళ నాన్న ఒక్కనాడూ అడగలేదు ఆ మాట.

అమ్మా, వాడికి పాస్ మార్కుకి ఒకటి తక్కువ వేశాను. ఆ ఇంట్లో కూడా ఒకసారి తల దించుకోవాలి. మార్కుల కవరు రేపు పొద్దున్నే యూనివర్సిటీకి పోతుంది. ఈ ఉత్తరం నీకు శుక్రవారానికి గాని చేరదు. ఫోన్ చేసి ఉంటే నువ్వు ఆపేదానివి. నేను ఆగిపోయేదాన్ని.

ఇట్లు,
నీ మాట వినడానికి భయపడ్డ కూతురు,
దీవెన