చేపకి అమ్మవారు

పటమట,
ఆదివారం.

చిరంజీవి ఉషశ్రీకి నానమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మనుషులం ముగ్గురం క్షేమం. ఇబ్రహీంపట్నం హాస్టల్లో నువ్వు వేళకి తింటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఏమిటే ఆ రాతలు? "నానమ్మా, చేపల తొట్టిలో వేపాకు వేశావట, నిజమేనా?" అనా? వేశాను. దొంగతనం చేశానా? మీ కాలేజీవాళ్ళు నీ ఫోన్ లాక్కున్నారు గానీ మీ అమ్మ నోరు మూయించలేకపోయారు.

జరిగింది విను. నువ్వు వెళ్ళిన పదోరోజున నీ చేప చిట్టికి రెక్కల మీద రవ్వ చల్లినట్టు తెల్లగా పొక్కులు లేచాయి. మేత ముట్టదు, ఒళ్ళు రాళ్ళకేసి రుద్దుకుంటోంది. మూడోనాటికి రెండో చేప పండుకీ అంటుకుంది. ఆరో తరగతిలో నీకు అమ్మవారు పోసినప్పుడు నువ్వూ అచ్చం ఇలాగే గోడకేసి వీపు రుద్దుకున్నావు. అప్పుడు వేపమండలు పరిచి పడుకోబెట్టింది ఎవరు? అందుకే తొట్టిలో వేపాకు వేసి చిటికెడు పసుపు కలిపాను. ఇంట్లో పోపు మానిపించాను. మీ నాన్న పడీ పడీ నవ్వాడు. "చేపకి అమ్మవారేమిటమ్మా? దానికోసం పోపు లేని పప్పు మేం తినాలా?" అన్నాడు. నా కడుపున పుట్టినవాడు! ఒళ్ళు మండిపోయింది.

నవ్వి ఊరుకున్నాడా, ఫోటో తీసి చేపల కొట్టు పాల్‌కి చూపించాడు. "ఇది తెల్లమచ్చ జబ్బండీ, కంటికి కనపడని పురుగు. కొంచెం నీళ్ళు మార్చి, హీటరు పెట్టి మెల్లగా గోరువెచ్చగా చెయ్యండి. రోజూ ఈ మందు చుక్కలు వెయ్యండి. మచ్చలు పోయాయని ఆపొద్దు. పురుగు రాలి అడుగున రాళ్ళలో పెరిగి మళ్ళీ పైకొస్తుంది" అన్నాట్ట. మహా చెప్పొచ్చాడు అనుకున్నాను. నాలుగోనాటికి మచ్చలు మాయమైతే, చూశారా అని ఇల్లంతా వినపడేలా అన్నాను కూడా. వారం తిరక్కుండా రెట్టింపు తేలాయి. మొన్న గురువారం పొద్దున చిట్టి పోయింది తల్లీ.

పరీక్షలయ్యేదాకా నీకు చెప్పొద్దన్నారు మీ అమ్మా నాన్నా. ఇవాళ నువ్వు హాస్టల్ ఫోన్ నుంచి చేసినప్పుడు "రెండూ బాగున్నాయి" అన్నాడు మీ నాన్న, నా ఎదురుగానే. పదహారేళ్ళ దానివి, ఈ మాట వినలేవా? పిల్లల్ని అబద్ధాలతో పెంచుతారా ఎవరైనా!

ఇంత కేకలేస్తున్నానా, అసలు అబద్ధం నాది. ఆ మందు నేను వెయ్యలేదు. అమ్మవారున్న ఇంట్లో మందు ముట్టకూడదని మా అత్తగారి మాట. సీసా బియ్యం డబ్బా వెనకాల దాచి, వేస్తున్నానని రోజూ మీ నాన్నకి చెప్పాను. ఒళ్ళు చల్లగా ఉండాలని హీటరూ కట్టేశాను. చిట్టి పోయాక మీ నాన్న వెళ్ళి "నీ మందు కల్తీ" అని నలుగురిలో పాల్‌ని నిలదీశాడు. అతను ఇంకో సీసా తీసి చేతిలో పెట్టాడట. అది విన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది.

నిన్న ఆటో ఎక్కి నేనే వెళ్ళాను. కొట్లో జనం ఉండగానే, "నీ మందు మంచిదే నాయనా, మూత తియ్యంది నేను" అన్నాను. అతను ఒక్కటే అడిగాడు, "రెండోది బతికుందాండీ మామ్మగారూ?" అని. ఉందన్నాను. "అయితే ఇక్కడ నిలబడ్డారేంటండీ? ఇంటికెళ్ళి వెయ్యండి!" అని కసిరాడు. నన్ను! బాగా చేశాడు.

ఇంటికొచ్చి మీ నాన్నకీ చెప్పాను. ఈసారి నవ్వలేదు.

మందు వేస్తున్నాను. పండు ఇవాళ నాలుగు గింజలు మింగింది. మచ్చలు పోయినా ఆపను. నీకు తిట్టాలనుంటే తిట్టు, కాగితం నిండా తిట్టు. క్షమించమని మాత్రం అడగను. అడిగితే నువ్వు వెంటనే "పోన్లే నానమ్మా" అంటావు. అలా అనకు.

ఇట్లు,
సీసా దాచిన నీ నానమ్మ,
వెంకటరత్నమ్మ