మోతి చెవి వెనుక గాయం

రెజిమెంటల్ బజార్,
జూన్ 3, మంగళవారం.

ప్రియమైన ఆర్థర్ తమ్మికి,

పన్నెండేండ్లుగా ఒక మాట నా కడుపులో ఉండిపోయింది. సర్కస్ ఏనుగులను సర్కారు తీసుకుపోయిన రోజు, నేను సాకిన ఏనుగు మోతి చెవి వెనుక గాయం చూసి ఆఫీసరు "ఇది ఎవరి పని?" అని అడిగిండు. నాతోని మావటి పని చేసిన నువ్వు, నా అంకుశం దిక్కు చూసి తల దించినవ్. మావటి పర్వతాలు ఏనుగును హింసించాడు, దగ్గరికి రానియ్యొద్దు అని వాళ్లు రాసుకున్నరు.

నా అంకుశం సంగతి నీకు తెల్వదా? రోజూ పొద్దున ఆ కొక్కెం మొనను నా దవడకు నొక్కి చూసుకునేది. గుచ్చుకుంటే మొద్దుగ అయ్యేదాక రాయి మీద అరగదీసేది. గుచ్చుకోకుంటేనే మోతి దగ్గరికి పోయేది. ముప్పై ఏండ్లు గట్లనే చేసిన.

ఇప్పుడు మోతి పడుకుంటే లేస్తలేదట. దాన్ని ఉంచిన చోట కాపలా ఉండే రాములు ఫోన్ చేసిండు. పోతే, పాత కాగితం చూపించి గేటు కాడనే తిప్పి పంపిన్రు. ఆ పని నాది కాదని నువ్వు రాసిస్తే లోపలికి పోనిస్తరు. ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే దేవమ్మతో చిట్టీ పంపుతున్న. నా పెండ్లాం ముందు సుత దాక్కోకు.

ఇట్లు,
పర్వతాలు


నేరేడ్‌మెట్,
జూన్ 4.

ప్రియమైన పర్వతాలన్నకు,

దేవమ్మ వదిన మంచినీళ్లు కూడా ముట్టకుండా గుమ్మంలోనే నిలబడింది. "గేటు కాడ ఏడ్చిండు. నేను చెప్పిననని అనకు" అంది.

ఆ గాయం నేను చేసిందే. నువ్వు జ్వరంతో పడుకున్న రోజు మోతిని ఆటకు నేను తీసుకెళ్లాను. ఒకరి అంకుశం ఇంకొకరు ముట్టకూడదని తెలిసీ, గుంజకు వేలాడుతున్న నీదే తీసుకున్నాను. పీట ఎక్కమని చెవి వెనుక ఆనించాను, నువ్వు ఆనించేంత మెల్లగానే. నెత్తురు కారింది. అది అరవలేదు, నా వైపు చూసింది. మరునాడే ఆఫీసర్లు వచ్చారు. నాకు భయమేసింది. చర్చిలో క్షమాపణ అడుగుతూనే ఉన్నాను, నిన్ను మాత్రం అడగలేదు.

నువ్వు అడిగిన కాగితం రాసి పెట్టాను. కానీ అన్నా, ఆ మొన సూదిలా ఉంది. ఆ రోజు ఎందుకలా ఉంది?

నీ తమ్ముడు,
ఆర్థర్


రెజిమెంటల్ బజార్,
జూన్ 5.

ప్రియమైన తమ్మికి,

నేను ఏడ్వలే. దేవమ్మ ఉత్తగ చెప్పింది.

మొన సంగతి నువ్వన్నది నిజమే. జ్వరానికి ముందు రోజు మోతి నన్ను తలతో గుంజకు ఒత్తింది. పక్కటెముకలు విరుగుతయనుకున్న. మొదటిసారి దానికి భయపడ్డ. ఎవరికీ చెప్పలే. ఆకురాయి తీసుకొని మొనకు పదును పెట్టిన. దవడకు నొక్కి చూసుకోలే. జ్వరం రాకుంటే ఆ చెయ్యి నాదే అయ్యేది.

గాయం చూడంగనే నా మొన పనే అని ఎరుకైంది. అందుకే ఆఫీసరు ముందు నేను సుత నోరు తెరవలే. ఇన్నేండ్లు నీ మీద కోపం పెట్టుకుంటే అది యాదికి రాకుండా పోయింది.

నన్ను మంచోడని రాసిన ఆ కాగితం చింపెయ్. కొత్తది రాయి. చెయ్యి ఆర్థర్‌ది, పదును పర్వతాలుది. కింద ఇద్దరం సంతకం పెడదాం. అది చదివినంక పోనిస్తే పోనిస్తరు. లేకుంటే గేటు బయటి నుంచే పిలుస్తా. నా గొంతు మోతికి ఎరుకే.

ఈసారి దేవమ్మను కూర్చోబెట్టి నీళ్లియ్యి. మోతి పాణం ఆదివారం దాటదని రాములు అంటున్నడు. శనివారం పొద్దున పదింటికల్లా ఆ గేటు కాడికి వస్తవా, రావా? అవునో కాదో రాసి ఇయ్యాల్నే దేవమ్మ చేతిలో పెట్టు.

పర్వతాలు