ఒక పక్కకు ఒరిగిన దీపం గ్లోబు

చిరంజీవి పిచ్చుకకు నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మీ అమ్మ మోకాళ్లు మామూలే, నోరూ మామూలే. కాకపోతే ఆ నోరు కొన్నాళ్లుగా నా మీద పనిచేయడం లేదు. భోజనం వడ్డిస్తుంది, మాట్లాడదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

కొత్త మేస్త్రి కసురుకుంటున్నాడని రాశావు. కసురుకోనీ. గాజు కొలిమి దగ్గర మెత్తగా మాట్లాడేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. గొట్టం చివర గాజు ఎర్రగా ఉన్నప్పుడే ఊదు, చల్లబడ్డాక దాని మీద బలం చూపించకు.

నీ గదికి పంపిన దీపం గ్లోబు ఒక పక్కకు ఒరిగిందనీ, "ఇది ఏ శిష్యుడి ఘనకార్యం నాన్నా?" అనీ అడిగావు. ఆ శిష్యుణ్ణి నేనే.

కంటికి చేసిన గ్లకోమా ఆపరేషన్ బాగా జరిగిందని ఇదివరకు రాశాను, అంతవరకు నిజమే. బరువులు ఎత్తొద్దు, వంగొద్దు, ముక్కొద్దు అన్నారు డాక్టరు. అన్నీ పాటించాను. నీళ్ల చెంబు కూడా మీ అమ్మ చేతే ఎత్తించాను. ఊదడం కూడా బరువు పనేనని మాత్రం నాకు తట్టలేదు. చిన్నప్పటి నుంచీ చేస్తున్నదే కదా. నీ గదిలోకి వేరేవాళ్లు ఊదిన గాజు వెళ్లడం ఇష్టంలేక, రెండో వారమే కొలిమి దగ్గరికి వెళ్లాను. గ్లోబు సగానికి వచ్చేసరికి కంట్లో కత్తి దింపినట్టు నొప్పి. వెంటనే నల్లటి తెర కమ్మింది. అయినా గ్లోబు పూర్తయ్యేదాకా గొట్టం వదల్లేదు. అందుకే అది ఒరిగింది.

"ఆపరేషన్ తర్వాత కంట్లో ఒత్తిడి బాగా తగ్గి ఉంటుందండీ. మీరు గట్టిగా ఊదేసరికి వెనక రక్తనాళం చిట్లింది, రెటీనా పొర లేచిపోయింది. మీ పని ఇదని తెలిస్తే ముందు అదే వద్దనేవాణ్ణి కదా," అన్నారు డాక్టరు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మళ్లీ ఆపరేషన్ చేసి రెటీనాను అతికించారు. ఆ కంటికిప్పుడు కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే. ఇక గొట్టం ముట్టుకోకూడదట. మీ అమ్మ మౌనం దీనికే. ఇంకొన్నాళ్లు ఆగలేకపోయానే అని రోజూ కుమిలిపోతున్నాను. రెండో కన్ను బాగానే ఉంది, ఈ ఉత్తరంలో వరసలు వంకరపోతే తప్పు కాగితానిది.

ఇది నీకు చెప్పకూడదనే అనుకున్నాను. దీపం వేసినప్పుడల్లా నీకు నా కన్నే గుర్తొస్తుందని భయం. కానీ ఈ జబ్బు మీ తాతయ్యకు ఉండేది, నాకు వచ్చింది, పిల్లలకూ రావచ్చునట. నొప్పీ గిప్పీ లేకుండా వస్తుందట. నువ్వేమో రోజూ ఊదుతున్నావు. ఈ వారమే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు తల్లీ. కూర్చోగానే, ఆయన ఏమీ అడక్కముందే, నీ పనేమిటో చెప్పు.

ఆ గ్లోబును మాత్రం దాచిపెట్టకు. ఒరిగిన పక్క గోడవైపు తిప్పి, రోజూ వెలిగించు. నేను ఊదిన ఆఖరి గాజు అది.

ఇట్లు,
ఇకమీద నువ్వు ఊదిన గాజు కోసం ఎదురుచూసే
మీ నాన్న