ఆరింటికని నాకు చెప్పలేదు

కార్తీకం, ఆదివారం రాత్రి

పొద్దున ఐదింటికే సైకిలేసుకుని బ్రిడ్జి దగ్గర నిలబడ్డా. మంచు పడుతోందని ఇకనుంచి ఆరింటికి బయల్దేరదామని మా ఆదివారం సైకిలు జట్టువాళ్ళు వాట్సాప్‌లో అనుకున్నారట. నాది బటన్ల ఫోను. నాకు ఎవరో ఒకరు చెప్పి ఉంటారని అందరూ అనుకున్నారు.

"ఏందిరా, చానాసేపయిందా వచ్చి?" అన్నాడు ఆరింటికి అందరితో పాటు వచ్చిన బట్టలకొట్టు సుబ్బారావు.

"ఇప్పుడే," అన్నా. వేళ్ళు కొయ్యబారి బ్రేకు పట్టు దొరకలేదు.

"మనోడు నోరిప్పడు గానీ టైముకి ఉంటాడ్రా," అని నవ్వారు.

ఎడ్లపాడు దాకా పత్తిచేల పక్కన హాయిగా తొక్కాం. వాళ్ళ మాటలు వింటూ వెనకే వెళ్ళా. వారం మొత్తంలో నేను మనుషుల మధ్య ఉండేది ఆ కాసిని గంటలే.

వచ్చే వారం నూజెండ్ల వైపన్నారు. దూరం కదా, ముందే బయల్దేరతారేమో. ఎన్నింటికని అడిగేలోపు ఎవరిదారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

నాలుగింటికే వెళ్ళి నిలబడతా.