తొమ్మిదో వరస, పద్నాలుగో చోటు

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
మార్చి 9

ప్రియమైన తమ్ముడు రాజ్ కిరణ్‌కి,

నీ దోర్కా అక్క దీవెనలు. ఫోన్‌లో మాట్లాడితే పక్కగదిలో అమ్మ వింటుందని మెయిల్లో ఉత్తరం రాస్తున్నాను. నాన్నకి, అదే మీ పెదనాన్నకి, పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. మన తెలుగు చర్చి సమాధుల తోటని నలభై అయిదేళ్లు చూసుకున్న మనిషి, ఇప్పుడు తన పేరుకి కూడా పలకడు.

ఆయన రాసిన సమాధుల పుస్తకం బయటికి తీశాను. ఎవరిని ఏ వరసలో, ఎన్నో చోట పెట్టారో అంతా అందులోనే ఉంది. పోయినేడు గోడ కట్టేటప్పుడు జేసీబీ వాడు కొయ్య సిలువలన్నీ పీకేశాడు కదా, ఇక ఆధారం ఇదొక్కటే. దీన్నీ చెదలు తింటున్నాయి. పేజీలు విడిపోయి కలగలిసిపోయాయి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఒక్కసారే తిప్పి ఫోటోలు తీయాలి, వెతుక్కోవడం తర్వాత.

నాకన్నా ముందు పుట్టి పదకొండో రోజున పోయిన అన్న ఆ తోటలోనే ఉన్నాడు. "నన్ను ఆడి పక్కనే ఎట్టాలి. మీ నాన్న సోటు సూపిస్తాడని దైర్యంగా ఉన్నాను. ఇప్పుడు ఎవుర్ని అడగాల?" అని అమ్మ రోజూ ఇదే మాట. అంత కంప్యూటర్ చదువు వెలగబెట్టావు, చెదలు పట్టని చోటు ఒకటి చూపించు బాబూ.

నీ అక్క,
దోర్కా


పుణె
మార్చి 16

ప్రియమైన దోర్కా అక్కకి,

వందనాలు. క్లౌడ్‌లో నీకోసం ఒక కంటైనర్ పెట్టాను. గూడ్సుబండి మీద పోయేది కాదులే, అద్దెగది అనుకో. ప్రోగ్రామ్ అందులో కాపురం ఉంటుంది. ప్రోగ్రామ్‌లో ఏ చిన్న మార్పు చేసినా పాత గది కూల్చి, అచ్చం అలాంటిదే కొత్తది కడతారు. అందుకని సామాను ఆ గదిలో ఉంచకూడదు. వేరేచోట ఫైల్ షేర్ అనే బీరువా ఉంటుంది. దాన్ని నెట్‌వర్క్ ద్వారా గదిలోని ఫోల్డర్‌కి తగిలిస్తాం. దీన్నే మౌంట్ చేయడం అంటారు. ఫోల్డర్‌లో వేసిందల్లా బీరువాలోకి పోతుంది. గది వందసార్లు కూలినా బీరువాకి ఏమీ కాదు.

కింది లింకులో ఫోటోలు ఎక్కించు. పచ్చ టిక్కు పడితే చేరినట్టే. నీ ఫోన్ ఊరికే నిండిపోతుంది కాబట్టి ఎక్కినవి ఎక్కినట్టు తీసేయ్. పెదనాన్న చెయ్యి ఒకసారి నా బదులు పట్టుకో.

నీ తమ్ముడు,
కిరణ్


ఖరగ్‌పూర్
మే 21

ప్రియమైన కిరణ్‌కి,

నాన్న భూస్థాపన జరిగి పన్నెండు రోజులు. నీకు టికెట్ దొరకలేదని అమ్మకి చెప్పాను, ఏమీ అనుకోలేదు. మూడువందల పన్నెండు పేజీలు ఆయన పోయే ముందు వారమే ఎక్కించేశాను. అన్నిటికీ టిక్కు పడింది.

మన రైల్వే క్వార్టర్లలో ఆనవాయితీ నీకు తెలుసు. గార్డు పోతే విజిల్, ఫిట్టర్ పోతే పానా, ఏ పనితో బతికాడో ఆ వస్తువు చేతికిచ్చి పెట్టె మూస్తారు. అమ్మ నాన్నకి పుస్తకం ఇచ్చింది. సూసన్న అత్త అడ్డొచ్చి "అది పోతే ఎలాగే, మా ఆయన సోటు కూడా అందులోనే ఉంది" అంది. "అంతా కంపూటర్లో ఎక్కించినాను అత్తా, దానికి సెదలు కూడా పట్టవు" అన్నాను. నిజం చెప్పొద్దూ, గర్వంగానే అన్నాను.

ఇక అమ్మా నేనూ వెతకాలి. తెరమీద అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయి. "నా బిడ్డ గురించి రాసింది నేనే సదవాల" అంటోంది అమ్మ. కాస్త పెద్దవి చేసిపెట్టు. తొందరేం లేదు.

నీ అక్క


పుణె
జూన్ 6

ప్రియమైన అక్కా,

పేజీలు కనిపించడం లేదని నువ్వు ఫోన్ చేస్తే చూస్తానన్నాను. అయిదు రోజులుగా చూస్తూనే ఉన్నాను. అవి లేవక్కా.

బీరువా మొదటిరోజు నుంచీ తగల్లేదు. నేనిచ్చిన పాస్‌వర్డ్ తప్పు. తగలకపోతే ఆగిపోవాలని ప్రోగ్రామ్‌కి చెప్పాల్సింది. ఆ సాయంత్రం నువ్వు లింకు కోసం ఎదురుచూస్తున్నావని, తగలకపోయినా ముందుకి పొమ్మని నేనే రాశాను. తర్వాత సరిచేద్దామనుకుని మరిచిపోయాను. నీ ఫోటోలన్నీ ఆ అద్దెగది నేలమీదే పడ్డాయి. అందుకే టిక్కులు పడ్డాయి. అక్షరాలు పెద్దవి చేసిన రోజున ఆ గది పోయింది. కంపెనీవాళ్లని అడిగితే వెనక్కి రావన్నారు.

మా నాన్న యార్డులో బోగీ తగిలించాక ఒకసారి లాగి చూస్తేగాని జెండా ఊపనిచ్చేవాడు కాదు. ఒక్క ఫైలు వేసి, బీరువా వైపు నుంచి చూసుకుంటే సరిపోయేది. చూడలేదు.

ఇప్పుడు సరిగ్గా తగిలించాను, రెండువైపుల నుంచీ చూశాను. నీ ఫోన్‌లో ఒక్క పేజీ అయినా మిగిలిందేమో చూడు. పెదనాన్న పెట్టె గురించి అడగడానికి నాకు నోరు రావడం లేదు.

కిరణ్


ఖరగ్‌పూర్
నవంబర్ 4

ప్రియమైన తమ్ముడికి,

అమ్మని పెట్టేటప్పుడు నువ్వు వచ్చి మట్టి వేసి వెళ్లావు. అన్న చోటు ఉన్న పేజీ ఒక్కటైనా నా ఫోన్‌లో మిగిలిందనుకుని నన్ను పట్టుకుని ఏడ్చావు. అప్పుడు చెప్పలేకపోయాను. ఫోన్‌లో ఏమీ మిగల్లేదు కిరణ్. నువ్వు తీసేయమన్నావు, నేను తీసేశాను.

జూలైలో తోటంతా మోకాలిలోతు నీళ్లు. గోతులు తీసే ఎర్రయ్యని నాన్న పెట్టె సంగతి అడిగితే "నానిపోయిన పెట్టిలో కాయితం ఉంటాదేటమ్మా" అన్నాడు. ఆ ఆశా పోయింది. అమ్మకి కిడ్నీలు పాడయ్యాయని సెప్టెంబర్‌లో తెలిసింది. అక్షరాలు పెద్దవి అయ్యాయా అని రోజూ అడిగేది. చివరికి నాన్న పాత నోటుబుక్కులో ఒక కాగితం చించి, ఆయన రాతలాగే రాశాను. 'సుందర్ రాజు, ఆలిస్‌ల మగబిడ్డ, వయసు పదకొండు దినములు, తొమ్మిదో వరస, పద్నాలుగో చోటు.' టీ నీళ్లలో ముంచి ఆరబెట్టి, ఫోటో తీసి ఎక్కించాను. అమ్మ తెరమీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది. "మీ నాన్న రాతే" అంది. మర్నాడు టోటో బ్యాటరీ రిక్షాలో తీసుకెళ్తే అక్కడ కూర్చుని గంటసేపు మట్టితో మాట్లాడింది.

పదిహేనో చోట అమ్మకి గొయ్యి తీస్తుంటే పద్నాలుగు వైపు నుంచి పాత పెట్టె అంచు బయటపడింది. నిలువెత్తు మనిషి పెట్టె. ఎర్రయ్య నా మొహంలోకి చూశాడు. మట్టి కప్పెయ్యమన్నాను. అన్న ఎక్కడున్నాడో నాకు తెలియదు. అమ్మ ఎవరి పక్కన పడుకుందో అదీ తెలియదు.

నీ మీద కోపం లేదని రాయాలనుకున్నాను. ఉంది. నా మీద అంతకన్నా ఎక్కువ ఉంది.

నువ్వు తగిలించిన బీరువాలో ఇప్పుడున్నది ఆ దొంగ పేజీ ఒక్కటే. నిన్న తీసి చూశాను, చెక్కుచెదరలేదు. అన్న పేజీ దొరికిందని విని సూసన్న అత్త రేపు ఉదయం తన భర్త చోటు చూపించమని వస్తోంది. నాన్న నోటుబుక్కులో ఇంకా కాగితాలున్నాయి. రాయమంటావా, వద్దంటావా?

నీ అక్క,
దోర్కా