యుద్ధం కోసం దాచిన పన్నెండు మంచాలు

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, నంద్యాల.

అయ్యా,

విషయం: చింతమానుపల్లె గ్రంథాలయంలో యుద్ధ క్షతగాత్రుల కొరకు తాళం వేసి ఉంచిన మంచాలలో ఒకటి నా భార్యకు ఆరు వారాల పాటు ఇప్పించుట గురించి.

ఆళ్లగడ్డ దాపున గల పై గ్రామ నివాసి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు జి. మోషే విన్నవించుకొనునది:

1. నిరుడు మే నెలలో సరిహద్దున యుద్ధం రేగినప్పుడు తాత్కాలిక ఆసుపత్రికి మా ఊళ్లో ఒక భవనం కావలసివచ్చింది. కల్యాణ మండపానికి ముహూర్తాలున్నాయని దాన్ని వదిలేశారు. గ్రంథాలయానికి ముహూర్తాలుండవు గనుక దాన్ని తీసుకున్నారు. "ఈడికి యెవురొస్తారు సార్, మీరొక్కరే గదా" అన్నాడు మండల గుమాస్తా సంజీవయ్య. పుస్తకాలను గోతాల్లో కుక్కి పంచాయతీ వరండాలో పడేశారు. నిఘంటువును 'అ' నుంచి 'న' దాకా చెదలు తినేశాయి.

2. యుద్ధం నాలుగు రోజుల్లో ఆగింది. తాళం మాత్రం ఆగకుండా పనిచేస్తోంది.

3. గత నెల నా భార్య దానమ్మ జారిపడి తుంటి విరిగింది. నంద్యాలలో ఆపరేషను చేసి, కుంగని ఎత్తు మంచం మీద ఆరు వారాలు ఉంచమన్నారు. మా ఇంట్లో ఉన్నది నులక మంచం. ఆళ్లగడ్డలో అద్దె మంచాలు ఖాళీ లేవు. ఆమె నేల మీద ఉంది. లేపాలంటే ఇద్దరు కావాలి, ఉన్నది నేనొక్కడిని. గ్రంథాలయం కిటికీలోంచి చూస్తే పన్నెండు మంచాలు, ప్లాస్టిక్ కవర్లైనా విప్పకుండా కనబడతాయి.

4. సంజీవయ్యను అడిగాను.

"అవి యుద్ధంలో దెబ్బ తగిలినోళ్లకు సార్."

"మా ఆవిడను యెవురితో యుద్ధానికి పంపమంటావప్పా?"

"నన్నేం జేయమంటారు? యుద్ధం అయిపోయిందని మాకు కాగితం రాలేదు."

5. కావున యుద్ధం ముగిసినట్లు ఒక కాగితమైనా, నా భార్య క్షతగాత్రురాలేనని ఒక కాగితమైనా, తమకు ఏది తేలికయితే అది దయచేయించ ప్రార్థన.

తక్కినదంతా మరచినా, ఆమె నేల మీద ఉన్న సంగతి చిత్తగించవలెను.

వేరే దారి లేక,
తమ విధేయుడు,
జి. మోషే

తా.క.: సంజీవయ్యా, కలెక్టరుకు పెట్టిన అర్జీ 'తగు చర్య నిమిత్తం' అనే ముద్రతో నీ బల్ల మీదికే వస్తుందని నాకు తెలుసు. పదో తరగతి తప్పినావని క్లాసులో అందరి ముందు నీ పేరు చదివింది నేను. ఆ కోపం నా మీద తీర్చుకో. ఆ ఏడాదంతా నీకు సంగటి పెట్టింది మాత్రం ఆమె. నిన్న కూడా అడిగింది: "మన సంజీవుడు ఆఫీసులోనే ఉండాడు గదా, వానికి చెప్పినావా? ఇంటే పరిగెత్తుకోనొస్తాడు."

ఇంకా చెప్పలేదన్నాను. ఆదివారం దాకా అదే చెప్తాను.