నూట పన్నెండు మార్కులు

వెస్ట్‌మీడ్,
ఆదివారం.

మహాలక్ష్మీ సమానురాలైన పెద్దమ్మ సత్యభామ గారికి, బాలమురళి నేలకు నుదురానించి రాసుకున్న క్షమాపణ పత్రం.

రాబోయే సమస్తానికీ ముందే క్షమించు. హెలెన్స్‌బర్గ్‌లో వాన పడినందుకు, ఆ బుల్లి కంగారూ, అదే వాలబీ వచ్చి నీ గోంగూర మడి మేసినందుకు, పెదనాన్నను ఆఫీసువాళ్ళు బ్రిస్బేన్ పంపినందుకు, ఇన్నిటికీ నేనే బాధ్యుణ్ణి. నిన్న ఫోన్లో నవ్వినందుకు నన్ను బ్లాక్ చేశావు. న్యాయమే. అందుకే ఈ ఈమెయిలు.

కానీ పెద్దమ్మా, గుండె స్కాన్‌లో కాల్షియం స్కోరు నూట పన్నెండు వచ్చిందని గుళ్ళో లడ్డూలు పంచితే ఎవడు నవ్వడు? అవి మార్కులు కాదు. గుండె రక్తనాళాల్లో సున్నంలా గట్టిపడి పేరుకున్న దాని లెక్క. అక్కడ సున్నా వచ్చినవాళ్ళే ఫస్టు. నీకు నెలసరి ఆగి రెండేళ్ళయింది. అంతవరకూ ఆడవాళ్ళ గుండెకు ఉండే కాపలా ఆ తర్వాత సడలిపోతుందట. బీపీ, కొలెస్ట్రాల్ చప్పుడు లేకుండా పైకెక్కుతాయట. డాక్టర్ గీతిక నిన్ను స్కాన్‌కు పంపింది అందుకే. రేపు ఆవిడ అపాయింట్‌మెంట్ ఉంది కదా, వెళ్ళు.

నీ పాదధూళిలో ఒక రేణువు,
బాలమురళి.

తా.క.: మిగిలిన లడ్డూలు నువ్వు తినకు. ఆ త్యాగం నేను చేస్తాను.

---

హెలెన్స్‌బర్గ్,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి బాలమురళికి పెద్దమ్మ ఆశీస్సులు. కోపంలో ఉన్నాను కాబట్టి తక్కువే.

స్కోరు అని అంత స్పష్టంగా రాసి ఉంటే మార్కులు కాదంటావేం? కాల్షియం ఎక్కువంటే ఎముకలు గట్టివని పసిపిల్లలకు కూడా తెలుసు. కాల్షియం బిళ్ళలు మానేశాను, ఒంట్లోనే తయారవుతోందిగా. అపాయింట్‌మెంట్ కూడా రద్దు చేశాను. పాసయినవాళ్ళు మళ్ళీ పరీక్షకు పోరు.

ఇక ఆ జయశ్రీ! సున్నా తెచ్చుకుని కూడా గుళ్ళో పులిహోర కలుపుతూ ఎంత గర్వం! ఒంట్లో సున్నమే లేని మనిషి. గట్టిగా గాలొస్తే వాళ్ళుండే పెండిల్ హిల్ నుంచి ఎగిరి సముద్రంలో పడుతుంది. నువ్వు సున్నాను ఎందుకు వెనకేసుకొస్తున్నావో నాకు తెలియదనుకున్నావా? వాళ్ళమ్మాయి చైత్ర నీ యూనివర్సిటీలోనేగా చదివేది.

ఇట్లు,
సత్యభామ.

తా.క.: గుడి మెట్లెక్కుతుంటే ఆయాసం, దవడ లాగుతోంది. ఆగితే పోతోంది. ఈసారి జంతికలు గట్టిగా వచ్చాయి.

---

వెస్ట్‌మీడ్,
సోమవారం పొద్దున్నే.

పెద్దమ్మా,

ఈసారి బిరుదులు లేవు. మెట్లెక్కినప్పుడే దవడ లాగితే అది జంతికల తప్పెలా అవుతుంది? గుండె జబ్బంటే ఛాతీ పట్టుకుని పడిపోవడమే కాదు. ఆడవాళ్ళకు చాలాసార్లు దవడలోనో, వీపులోనో, ఆయాసంగానో, వికారంగానో వస్తుంది. అమ్మమ్మది గ్యాస్ అనుకుని మీరంతా సోడా పట్టించారు. నాకు అమ్మమ్మ ఫోటోలోనే తెలుసు.

ఇవాళే డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. ఊరికే కూర్చున్నా దవడ లాగితే, చెమట పడితే, డాక్టర్ కోసం కూడా ఆగకు. నీకు సున్నాలంటే పడదని తెలుసు. అయినా మూడు సున్నాలు నొక్కు. అంబులెన్సు వస్తుంది. పెదనాన్నకు చెబితే, "మీ పెద్దమ్మకి ఎదురుచెప్పే ధైర్యం నాకుంటే బ్రిస్బేన్ ఎందుకొస్తానురా?" అన్నారు. అన్నారేగానీ వెంటనే టికెట్ కొన్నారు. రాత్రి ఫ్లైట్‌కు వస్తున్నారు. పరీక్ష అవగానే నేనూ రైలెక్కుతాను.

బాలమురళి.

తా.క.: చైత్ర నన్ను 'బ్రో' అంటుంది. ఆ కేసు కొట్టేశారు.

---

హెలెన్స్‌బర్గ్,
సోమవారం మధ్యాహ్నం.

చి. బాలమురళికి,

మూడు సున్నాలా! నూట పన్నెండు తెచ్చుకున్నదాన్ని, మూడు సబ్జెక్టులూ తప్పినవాళ్ళకు ఫోన్ చెయ్యమంటావా? మా అమ్మను ఇందులోకి లాగకు. అది గ్యాసే.

నువ్వు రావద్దు. వంట చేసే ఓపిక లేదు. ఇందాకటి నుంచి ఒకటే చెమటలు. రెండేళ్ళుగా వస్తున్న ఆ వేడే. మజ్జిగ తాగి ఫ్యాను కింద కూర్చున్నాను.

సత్యభామ.

తా.క.: ఎవరో బెల్లు కొడుతున్నారు. కిటికీలోంచి చూశాను. జయశ్రీ! కొంగు బొడ్లో దోపుకుని వచ్చింది. దీనికిక్కడేం పని? ఒరేయ్, కూర్చున్నా దవడ లాగడం ఆగట్లేదేమిట్రా

---

సెంట్రల్ స్టేషన్.

పెద్దమ్మా, తలుపు తియ్యి. ఆవిడ తిట్టినా సరే తియ్యి. నేను అంబులెన్సుకు ఫోన్ చేస్తే, ఆ అడ్రసుకు బండి ఇప్పటికే బయల్దేరింది అంటున్నారు. ఎవరు పిలిచారు? నువ్వేనా? ఒక్క మాట రాయి.

బాలమురళి.

తా.క.: ఏమీ లేదు. రాయి, చాలు.

---

ఆసుపత్రి,
గురువారం.

చిరంజీవి బాలమురళికి పెద్దమ్మ ఆశీస్సులు. ఈసారి పూర్తిగా.

నేను మత్తులో ఉండగా వచ్చి ఏడ్చావట. నర్సు చెప్పింది. ఆ రోజు తలుపు తీయగానే జయశ్రీ, "నా ఒంట్లో సున్నం లేదా? గాలొస్తే ఎగిరిపోతానా? చూడు, హైవే మీద అంత గాలిలో కూడా ఎగరకుండా వచ్చా!" అని అందుకుంది. నా మొహం చూసి ఆగిపోయింది.

"ఏంటా చెమట, సత్యా?"

"మెనోపాజ్."

"నాకూ వచ్చింది తల్లీ మెనోపాజ్. నేనిలా బూడిదరంగుకి తిరగలేదు. జస్ట్ సిట్ డౌన్, నోర్మూసుకో!" అని తనే మూడు సున్నాలూ నొక్కింది. బండి వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. తిట్టడమూ మానలేదు.

ఒక రక్తనాళం దాదాపు మూసుకుపోయిందట. స్టెంట్ వేశారు. "ఇంకాస్త ఆలస్యమై ఉంటే..." అని డాక్టర్ మాట మింగేశాడు. ఇకపై రోజూ బిళ్ళలు, నడక. ఊరగాయలకు సెలవు. నడకకు జయశ్రీ తోడొస్తానంది.

నీ పెద్దమ్మ,
సత్యభామ.

తా.క.: సరే, ఆవిడే ఫస్టు. ఊరంతా చెప్పకు. కానీ నీకొక్కడికి రాసిన మాటలు ఆవిడ నోటికెలా వచ్చాయి? మీ పెదనాన్న పనే. ఇంటికెళ్ళాక ఆయన సంగతి చెబుతాను.

---

వెస్ట్‌మీడ్,
గురువారం.

మా పెద్దమ్మకు,

పెదనాన్నను వదిలెయ్యి. ఆయన నిర్దోషి.

నా సలహాల వల్లే బతికావని అమ్మ అందరికీ ఫోన్లు చేసి చెబుతోంది. అబద్ధం. నేను రాసిన వైద్యశాస్త్రం నువ్వు మజ్జిగతో మింగేశావు. నేను అంబులెన్సుకు ఫోన్ చేసేసరికి అది దారిలో ఉంది. నేనెక్కిన రైలు ఆగని చోటు లేదు.

మంచిమాటకు నువ్వు కదలవని సోమవారం పొద్దున్నే తేలిపోయింది. పనులన్నీ మానుకుని నీ గుమ్మం దాకా కారు నడిపేంత కోపం ఎవరికి తెప్పించవచ్చా అని ఆలోచించాను.

నేను చేసింది ఒక్కటే. నీ ఉత్తరం జయశ్రీ ఆంటీకి ఫార్వర్డ్ చేశాను.

బాలమురళి.